నీలిరాయి మీద ఒక చుక్క

ఈ డిసెంబరు మొదటి వారంలో మా బెంగాలీ రైల్వే ఊరి గోల్‌బజార్‌లో ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి చిన్న గొడవ పెట్టుకున్నాను. తప్పు కొట్టువాడిది కాదని ముందే ఒప్పుకుంటాను. మా మనవరాలికి ఈసారి కరెంటు బల్బుల చైనా స్టారు వద్దట, చేత్తో చేసిన క్రిస్మస్ స్టారే కావాలట. చేత్తో చెయ్యాలంటే వెదురు బద్దలు కావాలి, రంగు కాగితం కావాలి, మైదా ఉడికించిన జిగురు కావాలి. ఆ జిగురుకి బొద్దింకలు చేరకుండా, బూజు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కావాలి. మా రైలు కాలనీ తెలుగువాళ్ళ ఇళ్ళలో తరాల నుంచీ అదే పద్ధతి. కొట్టు దాదా డబ్బాలోంచి నీలం ముక్క ఒకటి తీసి, కాగితంలో పెట్టి అందించాడు. నా చెయ్యి ముందుకు వెళ్ళలేదు. "నీళ్ళలో వేసి చూపించు" అన్నాను. "దీదీ, కొనడానికొచ్చారా, పరీక్ష పెట్టడానికొచ్చారా?" అన్నాడు. వెనక రిక్షావాడు గంట కొడుతున్నాడు, ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు, చేపల బుట్టతో ఒకావిడ నా భుజం మీదుగా తొంగి చూస్తోంది. నేను కదల్లేదు. చివరికి విసుక్కుంటూ గ్లాసు నీళ్ళలో ఒక నలుసు విదిలించాడు. నీళ్ళు నీలంగా మారాయి. అప్పుడు తీసుకున్నాను. ఇంటికి వచ్చే దారంతా నా మీద నాకే చిరాకు వేసింది. ఇంత వయసొచ్చాక, ఒక నీలం ముక్కకి ఇంత భయమా అని.

కానీ ఆ భయం నాది కాదు. మా మావయ్యది. ఆయన దగ్గర నుంచి నాకు అంటుకుంది, జలుబు అంటుకున్నట్టు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. గూడ్సు బండి చివర బ్రేక్ వేన్లో వెళ్ళే గార్డు. పెళ్ళి కాలేదు. అమ్మమ్మా ఆయనా మాతోనే ట్రాఫిక్ కాలనీలో మా నాన్న క్వార్టర్లో ఉండేవారు. కొందరికి అరికాలిలో చక్రం ఉంటుందంటారు. మావయ్యకి రెండు కాళ్ళలోనూ ఉండేవి. ఇంట్లో ఉన్న రోజున ఒక కుర్చీలో ఒక టీ పూర్తిగా తాగిన మనిషి కాదు. సగం టీ వరండాలో, మిగిలిన సగం గేటు దగ్గర. భోజనం చేస్తూ లేచి వెళ్ళి ఏ బండి కూత పెట్టిందో చూసి వచ్చేవాడు. కూత విని అది అప్పా డౌనా, బొగ్గా సిమెంటా చెప్పేవాడు, నిజమో కాదో ఎవరికీ తెలిసేది కాదు. డ్యూటీకి పిలవడానికి కాల్‌మేన్ వచ్చి గేటు తడితే ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయేవి, మావయ్య మొహం ఒక్కటీ వెలిగేది. తన లైన్ పెట్టె, జెండాలు, లాంతరు సర్దుకుని వెళ్ళిపోయేవాడు. "ఈడికి బ్రేక్ వేనే పెళ్ళాం, ఇంకో పెళ్ళామెందుకు?" అనేది అమ్మమ్మ. అంటూనే సంబంధాలు వెతికేది.

అలా వెతికిన ఒక సంబంధమే వినుకొండ వైపు నుంచి వచ్చింది. పిల్ల అన్నయ్య అక్కడి కొండల్లో గనిలో పని చేస్తాడట. సీసం, రాగి పక్కపక్కనే దొరికే గని. మావయ్య పాసు మీద వెళ్ళి పిల్లని చూసి వచ్చాడు. మేము రైలు దగ్గరికే ఎదురెళ్ళాం. అమ్మమ్మ ప్లాట్‌ఫారం మీదే అడిగింది, "పిల్లెలాగున్నాదిరా?" అని. మావయ్య జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పి, "సూడమ్మా, ఎంత బాగున్నాదో!" అన్నాడు. రుమాల్లో గోధుమరంగు రాతిముక్క, దాని మీద చిక్కుడుగింజంత నీలం. అంత నీలం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సిరా సీసాని ఎండలో పట్టుకున్నట్టుండేది. పిల్ల విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని నాన్న నవ్వాడు. అమ్మమ్మ మాత్రం చాలాకాలం ఆ రాయిని గిట్టని కోడలిని చూసినట్టే చూసింది.

రాయి చూసినవాళ్ళందరూ ఒకే మాట అనేవాళ్ళు, మైలుతుత్తం కదా అని. మావయ్యకి ఆ మాటంటే ఒళ్ళు మండేది. తుత్తమైతే నీళ్ళలో కరగాలి, ఇది కరగదు. తుత్తమైతే తేలిగ్గా ఉండాలి, ఇది అరచేతిలో పెడితే సైజుకి మించిన బరువు. అలాగని గట్టిదా అంటే అదీ కాదు, రాగి పైసాతో గీస్తే గీత పడుతుంది. గీసిన చోట పొడి లేత నీలంగా రాలుతుంది. ఒక వైపు మాత్రం పలకలా చక్కగా విడిపోయి అద్దంలా మెరుస్తుంది. ఇవన్నీ ఆయన వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవాడు. రాయి కనక అలా తిరిగింది గానీ ఇంకేదైనా అయితే అరిగిపోయి ఉండేది. అది ఎలా పుడుతుందో కూడా ఆ గనివాళ్ళు చెప్పారట, మాకు తన పద్ధతిలో చెప్పేవాడు. "సీసం ఓ ఇంటిది, రాగి ఓ ఇంటిది. రెండూ భూమిలో పక్కపక్కనే పడుకున్నాయి. పైనుంచి వోన నీరు దిగింది, గాలి దిగింది. రెండూ కుళ్ళినాయి. అలగ కుళ్ళీ కుళ్ళీ ఎన్ని వేల ఏళ్ళకో ఈ రంగొచ్చింది" అనేవాడు. ఇంతసేపు ఒక చోట నిలబడి మాట్లాడటం మావయ్యకి రాయి విషయంలోనే సాధ్యమయ్యేది.

పేరు తెలుసుకోవాలని ఒక రోజు సైకిలెక్కి ఊరవతల పెద్ద కాలేజీకి వెళ్ళాడు. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు, నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. రాళ్ళ పాఠాలు చెప్పే ఒక మేష్టారు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. రెండు రాళ్ళు ఇలాగే ఉంటాయన్నారు. ఒకటి అజురైట్, అందులో రాగి ఉంటుంది, అరుదేమీ కాదు. రెండోది లినరైట్, రాగితో పాటు సీసం కూడా ఉంటుంది, చాలా అరుదు, స్పెయిన్ దేశంలో ఒక గనుల ఊరి పేరు దానికి పెట్టారు. చూపుకి ఆరితేరినవాళ్ళు కూడా పొరపడతారట. తేల్చడానికి ఒక సులువైన దారి ఉంది, ఒక చుక్క యాసిడ్ వెయ్యాలి. బుసబుసా పొంగితే అజురైట్. పొంగకుండా తెల్లబడితే లినరైట్. ఆయన సీసా మూత కూడా తీశారు. మావయ్య గబుక్కున రాయి లాక్కుని రుమాల్లో చుట్టేశాడు. "ఉండండి సార్, ఆలోచించుకుని వస్తాను" అన్నాడు. ఆడపిల్ల తండ్రిలా. మేష్టారు నవ్వి, ఒక మాట మాత్రం గట్టిగా చెప్పారు, సీసం విషం, పిల్లలకి దూరంగా పెట్టండి అని. ముఖ్యంగా చిన్నపిల్లలకి అది మెదడుని దెబ్బతీస్తుందన్నారు.

తిరిగొస్తూ దారిలో నేను అడిగాను, చుక్క వేయించుకోవచ్చు కదా అని. "ఉన్నదే సిక్కుడుగింజంత, దాన్ని కాల్సుకుంటే ఏటి మిగుల్తాది?" అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం నాకు పెద్దయ్యాక అర్థమైంది. చుక్క వెయ్యనంత కాలం అది లినరైట్ అయి ఉండొచ్చు. ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళాలని తహతహలాడే మనిషికి, ఇంకా చేరని ఊరు ఒకటి జేబులో ఉండటం ఇష్టం. తేలిపోతే ఆ ప్రయాణం అయిపోతుంది. ఆ తర్వాత ఎవరు పేరు అడిగినా "ఇంకా తేల్లేదు" అని ఎంతో సంతోషంగా చెప్పేవాడు.

కానీ సీసం అన్న మాట ఆయన బుర్రలో పడింది. మా చెల్లి అప్పుడప్పుడే నడుస్తోంది, అందింది నోట్లో పెట్టుకునే వయసు. మావయ్య రాయి చోటు మార్చడం మొదలుపెట్టాడు. కిటికీ గూట్లోంచి బీరువా మీదికి, బీరువా మీంచి గోడకున్న బైబిలు పలక మీదికి, అక్కడి నుంచి తన లైన్ పెట్టెలోకి. డ్యూటీ మధ్యలో గుర్తొచ్చి, ఎక్కడ పెట్టానో అని కంగారుపడి, బండి దిగగానే ఇంటికి పరుగెత్తుకొచ్చేవాడు. అమ్మ విసుక్కునేది, "నువ్వు కుదురుగా కూర్సోవు, ఆ రాయిని కూర్సోనివ్వవు" అని. చివరికి ఆయనకి బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. మా ఇంట్లో వంటింటి అటక మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. ఎలకల మందు, చీమల పొడి, మైలుతుత్తం, ఇలా పిల్లలు ముట్టుకోకూడనివన్నీ అమ్మమ్మ అందులో పెట్టేది. విషాల డబ్బా అనేవాళ్ళం. మా ఇంట్లో దానికన్నా భద్రమైన చోటు లేదు. మావయ్య నిచ్చెనెక్కి రాయిని అందులో పెట్టి, మూత బిగించి, దిగి, చేతులు కడుక్కుని, ఆ పూట ఒక్క చోటే కూర్చుని టీ తాగాడు. ఎవరికీ చెప్పాలని తోచలేదు. కాల్‌మేన్ వచ్చాడు, వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళాక మేము స్టారు మొదలుపెట్టాం. క్రిస్మస్ దగ్గరపడింది, వీధిలో అన్ని ఇళ్ళకీ స్టార్లు లేచాయి, మాదే ఆలస్యం. నాన్న వర్క్‌షాపులో ఉన్నాడు. వరండాలో అమ్మ వెదురు బద్దలు కడుతోంది, నేను కాగితం కత్తిరిస్తున్నాను, అమ్మమ్మ పొయ్యి మీద మైదా ఉడికిస్తోంది. అటక మీంచి విషాల డబ్బా దించింది. మైలుతుత్తం పొట్లం ఖాళీ. పక్కనే గోధుమరంగు పెళ్ళకి అంటుకున్న నీలం గడ్డ ఉంది. ఆవిడ మావయ్య రాయిని దూరం నుంచి కోపంగా చూసిందే గానీ ఏనాడూ చేతిలోకి తీసుకోలేదు, దాన్ని రుమాలు లేకుండా చూసిందీ లేదు. పైగా విషాల డబ్బాలో నీలంగా ఉన్నది తుత్తం కాక ఇంకేమవుతుంది? అట్లకాడ మొనతో నీలాన్ని ఊడదీసి వేడినీళ్ళలో వేసింది. కరగలేదు. "ఏటిది, కరగట్నేదు? ఆ గోల్‌బజార్ ఓడు రాయి కల్తీ సేసి అమ్మినాడు, ఆడి కొట్టు కూలిపోను!" అని తిట్టుకుంటూ చిన్న రోట్లో వేసి నూరింది. బరువుగా ఉందని కూడా తిట్టింది. నూరిన పొడిని జిగురులో కలిపింది. నేను దగ్గరే ఉన్నాను, నాకూ తట్టలేదు. నా కళ్ళు కాగితం మీద ఉన్నాయి.

మామూలుగా ఆ జిగురు గిన్నె దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళం కాదు. కానీ బద్దలు కట్టేటప్పుడు ఒక కొమ్ము ఊడిపోయింది, అమ్మా నేనూ ఇద్దరం దాన్ని పట్టుకున్నాం. తిరిగి చూసేసరికి చెల్లి గిన్నె పక్కన చతికిలపడి వేళ్ళు నాకుతోంది. ఉడికించిన మైదా గోరువెచ్చగా, తియ్యగా ఉంటుంది మరి, నేనూ చిన్నప్పుడు దొంగతనంగా తిన్నదాన్నే. మూతి చుట్టూ తెల్లగా, అక్కడక్కడ నీలం నలకలు. అమ్మ ఎత్తుకుని నోరు కడిగింది. కాసేపటికి చెల్లి వాంతి చేసుకుంది. అమ్మమ్మ పెద్దగా బెదరలేదు. తుత్తం తింటే వాంతి అవుతుంది, అయితే మంచిదే, పాలు పట్టండి అంది. వీధిలో ఎవరి పిల్లలో ఒకరు ఏటా చేసే పనే అది. మేము పాలు పడుతుండగా మావయ్య డ్యూటీ నుంచి వచ్చాడు. గేటు దగ్గరే లైన్ పెట్టె పెట్టి "స్టారైపోయిందేటి?" అని నవ్వుతూ వచ్చినవాడు, వరండాలో బోర్లా పడి ఉన్న గోధుమరంగు పెళ్ళని చూశాడు. తర్వాత రోలుని. తర్వాత చెల్లిని. మావయ్య అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. అందులో మాటలు లేవు.

అమ్మా ఆయనా చెల్లిని రిక్షాలో రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేనూ అమ్మమ్మా మిగిలాం. అక్కడ జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. డాక్టర్ బాబు బెంగాలీ ఆయన, నిదానస్తుడు. పొట్ట కడగమని నర్సులకి చెప్పి, ఏం తిందని అడిగారు. రాయి అన్నాడు మావయ్య. ఏ రాయి? రాగి రాయి కావచ్చు, సీసం రాయి కావచ్చు అన్నాడు. "కావచ్చు అంటే కుదరదు బాబూ, ఏదో ఒకటి చెప్పు" అన్నారు డాక్టరు. రాగి అయితే ఈ వాంతులతో చాలావరకు తీరిపోతుంది, సీసమైతే చూడాల్సిన విధానం వేరు, ఇవాళ్టితో అయిపోయేది కాదు అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు అన్నాళ్ళుగా ఆయన జేబులోనే ఉంది. ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని ఇంటికి వచ్చాడు.

వరండాలో కూర్చోకుండానే పని మొదలుపెట్టాడు. గోధుమరంగు పెళ్ళ మీద అమ్మమ్మ అట్లకాడకి అందని కందిబద్దంత నీలం ఇంకా ఉంది. స్నానాల గది మూలనుంచి బండలు కడిగే యాసిడ్ సీసా తెచ్చాడు. విరిగిన సాసరులో పెళ్ళని పెట్టాడు. చీపురుపుల్ల యాసిడ్‌లో ముంచాడు. మొదటి చుక్క పక్కన పడింది. అమ్మమ్మ గోడకి చేరబడి, కళ్ళు మూసుకుని ప్రభువా ప్రభువా అంటోంది. నేను మావయ్య భుజం పక్కనే ఉన్నాను. అది పొంగకూడదని ఆ మనిషి ఎన్నాళ్ళు ఎన్ని కలలు కన్నాడో నాకు తెలుసు. ఇప్పుడు ఆయన నోటి నుంచి వచ్చే మాట వేరు. "పొంగు... పొంగే తల్లీ... నీకు దండం ఎడతాను, పొంగు" అంటున్నాడు. చుక్క నీలం మీద పడింది. ఒక బుడగ కూడా రాలేదు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అంచు నుంచి నెమ్మదిగా తెల్లబడింది, కంట్లో పువ్వు వేసినట్టు. మావయ్య వంగి ఇంకా చూస్తూనే ఉన్నాడు. "లినరైటే" అన్నాడు. ఆ పేరు ఆయన పూర్తి నమ్మకంతో పలకడం అదే మొదటిసారి. సాసరుని అలాగే వదిలేసి సైకిలెక్కాడు. తిన్నగా ఆసుపత్రికి తొక్కాడు.

చెల్లిని కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచుకుని పంపేశారు. తిన్నది కొంచెమే, అందులో ఎక్కువ కక్కేసింది, ఏమీ కాకపోవచ్చు అన్నారు డాక్టరు. ఆయన అక్కడితో ఆపి ఉంటే మా కథ ఇంకోలా ఉండేది. పాపం, మంచికే ఇంకో మాట అన్నారు. "పెరిగేటప్పుడు కనిపెట్టుకుని ఉండండి, నడక, చదువు, జ్ఞాపకశక్తి చూస్తుండండి" అని. ఆ ఏడాది మా ఇంటికి స్టారు లేదు. మావయ్య జిగురూ, గిన్నే, రోలూ, పెళ్ళా అన్నీ గోనెసంచిలో కట్టి ఎక్కడో లోతుగా పాతేసి వచ్చాడు. అమ్మమ్మకీ ఆయనకీ ఒక విచిత్రమైన తగువు మొదలైంది. అందరి ఇళ్ళలోనూ తప్పు నీదంటే నీదని కొట్టుకుంటారు, మా ఇంట్లో నాదంటే నాదని. "నూరిన సెయ్యి నాదిరా, నా సెయ్యి ఇరిగిపోను" అనేది ఆవిడ. "డబ్బాలో ఎట్టింది నేనే కదమ్మా, సెప్పకుండా పోయింది నేనే కదా" అనేవాడు ఈయన. ఒక్కోసారి గొంతులు లేచి పక్కింటివాళ్ళు వచ్చేవారు. ఆ తగువులో అమ్మమ్మ చనిపోయేదాకా ఎవరూ గెలవలేదు.

మావయ్య గూడ్సు బండి మానేశాడు. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాని సంగతి అది. ఆఫీసుల చుట్టూ తిరిగి, బతిమాలి, యార్డులో బల్ల ముందు కూర్చునే ఉద్యోగం వేయించుకున్నాడు. జీతం తగ్గింది, మైలేజీ భత్యం పోయింది. కూర్చోలేని మనిషి కుర్చీ అడిగి తీసుకున్నాడు, పిల్ల కళ్ళ ముందు ఉండాలని. కూత వినగానే ఆయన మోకాళ్ళు బల్ల కింద ఆడుతుండేవని తోటివాళ్ళు చెప్పేవారు. సాయంత్రం ఇంటికి రాగానే పరీక్షలు. వరండాలో సుద్దముక్కతో గీత గీసి చెల్లిని దాని మీద నడవమనేవాడు. టార్చి వేసి "ఈ... అను" అని పళ్ళ చిగుళ్ళు చూసేవాడు, సీసం పట్టినవాళ్ళకి అక్కడ నీలిగీత వస్తుందని ఎవరో చెప్పారట. ఎక్కాలు అడిగేవాడు. ఆమె ఏడో ఎక్కంలో ఆగితే ఆయన మొహం పాలిపోయేది. ఏడో ఎక్కంలో నేనూ ఆగేదాన్నే, నన్నెవరూ పట్టించుకోలేదు. జ్వరమొస్తే సీసం, జారి పడితే సీసం, అన్నం వద్దంటే సీసం. అమ్మ ఒకసారి కోపం పట్టలేక, "తమ్ముడూ, పిల్లని పెరగనిస్తావా, తూకమేస్తానే ఉంటావా?" అంది. ఆయన టార్చి జేబులో పెట్టుకుని వీధి చివర దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళాడు.

చెల్లి గడుసుది. ఈ భయం తనకి బాగా పనికొస్తుందని తొందరగానే కనిపెట్టింది. నాలుగో తరగతిలో బెంగాలీ పరీక్ష తప్పింది. కాగితం మావయ్య చేతికిచ్చి, మొహం దీనంగా పెట్టి, "సీసం వల్ల మావయ్యా" అంది. నేను పక్కనే నవ్వాపుకుంటున్నాను. ఆయన ఆ కాగితం మడిచి, చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళి, జామచెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చాడు. పెద్దవాళ్ళు అలా ఏడుస్తారని మాకు తెలియదు. చెల్లి వెళ్ళి ఆయన మెడ పట్టుకుని, "నేదు మావయ్యా, సదవలేదు, ఆడుకున్నాను, నిజంగా ఆడుకున్నాను" అని తనూ ఏడ్చింది. ఆయన నమ్మలేదు. పిల్ల తన మనసు కష్టపెట్టకూడదని అలా చెబుతోందనుకున్నాడు. ఆ తర్వాత చెల్లి చదివింది, మరీ బాగా కాదు, మరీ చెడ్డగా కాదు. అందరిలాగే. అందరిలాగే అని మేమంటే, సీసం లేకపోతే ఇంకెంత బాగా చదివేదో అనేవాడు ఆయన.

ఇప్పుడు చెల్లి స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్లో పని చేస్తుంది. ముగ్గురు పిల్లల తల్లి. నోరు జోరు, నవ్వు జోరు. తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. అలా మర్చిపోయిన ప్రతిసారీ నా గుండె ఒకసారి గతుక్కుమంటుంది, ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మావయ్య పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక, చెల్లి పూరీ గేట్ దగ్గర ఇల్లు కట్టుకుంటే ఆ ఇంట్లోకే వెళ్ళాడు. మా ఇంటికి రమ్మంటే వచ్చేవాడు, సాయంత్రానికి కాలు నిలవక, పిల్ల ఎలా ఉందో అని తిరిగి పోయేవాడు. ఆ పిల్లకి అప్పటికే జుట్టు నెరుస్తోంది.

రెండేళ్ళుగా మావయ్యకి జ్ఞాపకం చెదిరిపోతోంది. మొదట రోజులు పోయాయి, తర్వాత పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. నన్ను ఒకసారి అమ్మ అనుకున్నాడు, ఒకసారి నర్సు అనుకున్నాడు. బళ్ళ కూతలు వినిపిస్తాయి గానీ అవి ఏమిటో అడగడు. రాయి గురించి ఎవరైనా ఎత్తితే ఖాళీగా చూస్తాడు. ఇంత కాలం ఆయన్ని కాల్చిన సంగతి అలా ఊడిపోయిందని నేను లోలోపల సంతోషించాను. పోనీలే, ఈ జబ్బు ఈ ఒక్క మేలైనా చేసిందనుకున్నాను.

కానీ అది ఊడిపోలేదు. మొన్న ఆదివారం చర్చి అయ్యాక పూరీ గేట్ వెళ్ళాను. మావయ్య మంచం అంచున కూర్చుని, కాళ్ళు ఆడిస్తున్నాడు, లేచి ఎటో వెళ్ళాలన్నట్టు. చెల్లి వచ్చి జావ గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది. ఆయన ఆమెని తేరిపార చూసి, పరాయి మనిషితో మాట్లాడినట్టు మెల్లగా, భయంగా అడిగాడు. "అమ్మా, మా ఇంట్లో ఓ సిన్నపిల్ల ఉండాల. ఏటో తినీసింది. దానికేటీ అవలేదు కదా?"

చెల్లి చెయ్యి తొణక్కుండా చెంచా జావ ఆయన నోటికి అందించి, "ఏటీ అవలేదు మావయ్యా. బాగుంది. సక్కగా పెద్దదైపోయింది" అంది.

"నిజమేనేటి?"

"నిజమే."

మావయ్య మొహం విప్పారింది. అంత తేలికపడిన మొహం ఆయనకి ఉంటుందని నాకు తెలియదు. "బతికించావు తల్లీ" అని, ఆడుతున్న కాళ్ళు ఆపి, దిండుకి చేరబడి, జావంతా ఒక చోటే కూర్చుని తాగాడు. కాసేపటికి మళ్ళీ కాళ్ళు ఆడాయి, మళ్ళీ అదే ప్రశ్న. చెల్లి మళ్ళీ అదే జవాబు, మొదటిసారి చెబుతున్నట్టే. రోజూ ఇంతేనట, పొద్దుటి నుంచి పడుకునేదాకా. విసుగు రాదా అని అడిగితే, "ఎందుకొస్తాదక్కా? ఇన్నేళ్ళూ సెప్తే నమ్మలేదు. ఇప్పుడు సెప్పినప్పుడల్లా నమ్ముతున్నాడు" అంది.

తిరిగి వస్తూ రిక్షాలో కూర్చుని ఏడ్చాను, దాచుకోవాలనిపించలేదు. ఒక్క మాట మా మావయ్యకి నమ్మకంగా చేరడానికి కాలం ఆయన దగ్గరున్నదంతా ఊడ్చుకుపోవాల్సి వచ్చింది.